అయిదూళ్ళ కాలువ, ఆరో రాయి

యూరప్ కామన్ మార్కెట్‌లో చేర్చుకోమని బ్రిటన్ రెండోసారి దరఖాస్తు పెట్టుకున్న వేసవిలోనే, మా అప్ప అత్తవారి ఊరు తననీ కాలువలో చేర్చుకోమని మా ఊళ్ళని అడిగింది. అప్ప అంటే మా వైపు అక్క. ఆ ఊరికి బ్రిటన్ సంగతి తెలీదు, బ్రిటన్‌కి ఆ ఊరి సంగతి అసలే తెలీదు. రెండిటినీ దగ్గరుండి చూసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పక్కపక్కన పెట్టి చెప్పే హక్కు నాకుందనుకుంటాను. అది అరవయ్యేడు. విజయనగరంలో బి.ఏ. మొదటి ఏడు పూర్తి చేసి, పొందూరు స్టేషన్లో రైలు దిగి, ట్రంకుపెట్టె మోయించుకుంటూ ఇంటికొచ్చాను.

ముందు కాలువ సంగతి. నాగావళిలో కలిసే గెడ్డ ఒకటి మా ఊళ్ళ పక్కనుంచి పోతుంది. గెడ్డ అంటే మా వైపు వాగు. మా తాత హయాంలో వరసగా వానలు మొహం చాటేస్తే, అయిదూళ్ళ వాళ్ళు కలిసి ఆ గెడ్డకి అడ్డంగా రాళ్ళ కట్ట వేసి, పక్కనుంచి కాలువ తవ్వుకున్నారు. కాలువ గెడ్డనుంచి విడిపోయే చోట ఊరికొకటి చొప్పున అయిదు రాళ్ళు పాతారు. గెడ్డలో దొరికిన మామూలు రాళ్ళే. వాటికి పసుపూ లేదు, కుంకుమా లేదు. రాయి ఉన్న ఊరికి నీళ్ళ వంతు ఉంది, లేని ఊరికి లేదు. అయిదింటిలోకీ మా ఊరు చిన్నది, కాలువకి చిట్టచివర ఉన్నది. పై ఊళ్ళన్నీ కడుపునిండా తాగాక మిగిలింది మాకొచ్చేది.

ఆ కాలువలో కొత్త ఊరు చేరడానికి కొన్ని పద్ధతులుండేవి. ఎక్కడా రాసి లేవు గానీ అందరికీ తెలుసు. నీళ్ళు వాటంతటవే పారి వెళ్ళే పల్లంలో ఆ ఊరి పొలాలుండాలి. రెండు వేసవులు, చుక్క నీరు తీసుకోకుండా, ఇంటికో మనిషి చొప్పున వచ్చి అందరితోపాటు పూడిక తియ్యాలి. ఉన్న వంతుల్ని బేరమాడకుండా ఒప్పుకోవాలి. ఇవన్నీ అయ్యాక, తొలకరికి ముందు ఒక ఉదయం ఆ ఊరివాళ్ళు తమ రాయి తెచ్చి కట్ట మీద పెడతారు. అయిదూళ్ళ పెద్దలూ ఒకరి తర్వాత ఒకరు ఆ రాయి మీద చెయ్యి వేస్తే దాన్ని పాతుతారు. ఒక్కరు వెయ్యకపోయినా రాయి వెనక్కి పోతుంది. ఎందుకు వెయ్యలేదని అడిగే ఆచారం లేదు.

అప్ప అత్తవారి ఊరు మాకు దిగువన, గట్టు దాటితే వస్తుంది. ఒకప్పుడు అది జమీందారీ దివాణం ఊరు. పెద్ద చెరువు ఉండేది, దాన్ని దివాణమే బాగుచేయించేది. కాలువ తవ్వే రోజుల్లో ఆ ఊరిని కూడా కలుపుకుందామని మా తాత పిలవడానికి వెళ్ళాడట. దివాణం గేటు దగ్గర నిలబెట్టారు. లోపలికి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. గేటు పక్కన ఏనుగు బొమ్మ చెక్కిన రాయి ఒకటుండేదట. పూటంతా ఆ ఏనుగుని చూస్తూ నిలబడి, చివరికి లోపలినుంచి నవ్వులు వినబడితే తిరిగొచ్చేశాడు. ముసలితనంలో మా తాతకి చాలా విషయాలు జ్ఞాపకం పోయాయి గానీ ఆ ఏనుగు పోలేదు. దాని తొండం ఎటు తిరిగి ఉందో కూడా చెప్పేవాడు.

అలాంటి ఊరికి నాన్న తన పెద్దకూతుర్ని ఎందుకిచ్చాడని అడగవచ్చు. గొప్ప కోసమే. మెట్ట చేలు ఎక్కువైన మా ఇంట్లో రెండు పూటలు చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి ఒక పూట వరన్నం తినేవాళ్ళం. "ఆ ఊరోళ్ళకేటి తక్కువ? మూడు పూట్లా వరన్నవే. నా గుంట సోడంబలి తాగక్కర్నేదు" అని పెళ్ళికి ముందు ఊరంతా చెప్పుకుని తిరిగాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నాకా మాట నచ్చేది కాదు, అంబలి నాకు ఇష్టం. అప్పకి నవ్వొచ్చేది.

జమీందారీలు పోయాయి. దివాణం పాడుపడింది. చెరువుని పట్టించుకునేవాడు లేక గట్టు తెగింది, పూడిపోయింది, అప్ప పెళ్ళయిన మూడు నాలుగేళ్ళకి అందులో గేదెలు కూడా మునగలేని స్థితికి వచ్చింది. అప్పుడు ఆ ఊరికి కాలువ గుర్తొచ్చింది. రెండు వేసవులు పూడిక తీశారు. తీశారు అంటే తియ్యించారు. దివాణం ఊరివాళ్ళు బురదలో దిగడమేమిటని కూలి మనుషుల్ని పంపారు. ఇంటికో మనిషి లెక్క సరిపోయింది కాబట్టి పై ఊళ్ళవాళ్ళెవరూ ఏమీ అనలేదు. ఆ ఏడు రాయి పడకపోతే పొలం వదిలేసి ఖరగ్‌పూర్ పోతానని మా బావ అన్నాడు. అప్పట్లో మా వైపునుంచి చాలామంది అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి పోయేవారు. అప్పకి వెళ్ళడం ఇష్టం లేదు. ఇద్దరు పిల్లలతో కొత్త దేశంలో, తెలియని భాషలో, అగ్గిపెట్టెలాంటి ఇంట్లో ఉండలేనని నాతో అంది. అంచేత ఆ ఏడు ఆ రాయి మీద పడాల్సింది అయిదు చేతులే అయినా, తేలాల్సింది మా అప్ప సంసారం.

ఇక యూరప్. మా ఎకనామిక్స్ మేష్టారు సన్నగా, పొడుగ్గా, పొందూరు ఖద్దరు పంచె నలగకుండా కట్టేవారు. యూరప్ పటాన్ని నల్లబల్ల మీద చూడకుండా గీసేవారు, ఇటలీ కాలు మాత్రం ఎప్పుడూ బోదకాలు వచ్చినట్టు లావుగా వచ్చేది. ఆ ఏడు మొదట్లో బ్రిటన్ ప్రధానమంత్రి కామన్ మార్కెట్‌లోని ఆరు దేశాల రాజధానులూ తిరుగుతున్నాడని పేపర్లో చూసి, వారం రోజులు ఆ పాఠమే చెప్పారు. చేరాలనుకునే దేశం యూరప్‌లో ఉండాలి. రోమ్‌లో ఆ దేశాలు చేసుకున్న ఒప్పందంలో రాసిన అర్హత దాదాపు అంతే. రాయనివి వేరే ఉన్నాయి. జనం ఎన్నుకున్న ప్రభుత్వం ఉండాలి. స్పెయిన్ యూరప్‌లోనే ఉంది, కానీ నియంత ఏలుబడి కాబట్టి గుమ్మం బయటే నిలబడింది. లోపలివాళ్ళు అప్పటిదాకా చేసుకున్న కట్టుబాట్లన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకోవాలి. లోపల ఒకరి సరుకు మీద ఒకరు సుంకం వెయ్యకూడదు, బయటి సరుకు మీద అందరూ ఒకటే సుంకం వెయ్యాలి. బ్రిటన్‌కి ఇక్కడే చిక్కు. దానికి న్యూజిలాండ్ నుంచి వెన్న చవగ్గా వచ్చేది, మన దేశంనుంచి టీ, బట్టలు వెళ్ళేవి. సామ్రాజ్యం పోయినా ఆ చుట్టరికాలు పోలేదు. వాటిని సడలించుకుంటే గానీ కొత్త పొత్తు కుదరదు. ఇదంతా అయ్యాక ఆరు దేశాలూ ఔననాలి. అయిదు ఔనని ఒకటి కాదంటే కాదన్నట్టే.

"లక్సెంబర్గ్ కాదన్నా అంతేనాండీ?" అని అడిగాను. అంతకుముందే ఆయన, ఆరింటిలోకీ చిన్నదైన లక్సెంబర్గ్ మన జిల్లాలో ఓ మూలకి సరిపోతుందని చెప్పి అందర్నీ నవ్వించారు.

"రూలు ప్రకారం అంతేనమ్మా. కానీ లక్సెంబర్గ్ అలా అనదు" అన్నారు మేష్టారు. ఎందుకనదో చెప్పలేదు.

రాయి రోజున నేను కట్ట మీదే ఉన్నాను. ఆడపిల్లలు రాకూడదని లేదు, వచ్చేవాళ్ళు తక్కువ, అంతే. దిగువ ఊరివాళ్ళు తప్పెటగుళ్ళు వాయించుకుంటూ, రెండెడ్ల బండికి మామిడాకులు కట్టి రాయిని తెచ్చారు. మేం గెడ్డలోంచి ఏరిన గుండ్రాయి వస్తుందనుకున్నాం. వాళ్ళు తెచ్చింది చెక్కిన రాయి. నలుగురు పట్టి దించారు. మా ఊరి రాయి దాని పక్కన పిల్లాడిలా ఉంది. బావ తన పై పంచెతో దాని మీద దుమ్ము తుడిచాడు. తొండం పైకెత్తి, ఎడమవైపు తిప్పిన ఏనుగు.

వాళ్ళు పొగరుతో తెచ్చారని ఇప్పటికీ అనుకోను. పాడుపడ్డ దివాణంలో మిగిలిన మంచి వస్తువు అదొక్కటే. కాలువకి తమ దగ్గరున్న మేలైనది ఇద్దామనుకున్నారు. ఆ గేటు దగ్గర ఒకప్పుడు ఎవరు నిలబడ్డారో వాళ్ళకి తెలీదు. నిలబెట్టినవాళ్ళు మరిచిపోతారు, అందులో వింతేమీ లేదు. నాకు మాత్రం తాత చెప్పిన తొండం గుర్తొచ్చింది. నాన్న మొహం చూశాను.

పై నుంచి వరసగా నాలుగూళ్ళ పెద్దలూ చెయ్యి వేశారు. ఒకాయన అయితే ఏనుగు బాగుందని మెచ్చుకున్నాడు కూడా. మాది చివరి ఊరు, మా ఊరి పెద్ద నాన్నే కాబట్టి చివర ఆయన. రాయి దగ్గరికి వెళ్ళాడు, తొండం వైపు చూశాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"రాయి బాగున్నాది. మా రాళ్ళ పక్కన బాగోదు" అన్నాడు.

తప్పెటగుళ్ళు ఆగిపోయాయి. బావ ఆచారం మరిచి అడిగేశాడు. "ఏటి మావా, అందరూ సెయ్యేసినారు కదా! నీ కూతురి పొలవే కదా అది!"

"నా కూతురికి కావాలంటే బిందెడు నీళ్ళు నానే మోసుకొస్తాను. మీ ఊరికి కావాలంటే ఊరి పద్ధతుంటాది" అని నాన్న కట్ట దిగి వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. చచ్చిపోయిన తాత పరువు కోసం బతికున్న కూతురి నోటి దగ్గర కూడు తీసేస్తాడా అనిపించింది. ఇంటికెళ్ళి ఆ మాటే అన్నాను. నాన్న ఎడ్లకి గడ్డి వేస్తూ ఉండిపోయాడు. అమ్మ నన్నే కసిరింది. రాయిని మళ్ళీ బండెక్కించే ఓపిక ఎవరికీ లేక కట్ట మీదే వదిలేశారు. నెల తిరక్కుండా బావ ఖరగ్‌పూర్ రైలెక్కాడు. అప్ప పిల్లల్తో ఉండిపోయింది. రెండేళ్ళు చూస్తానని, అప్పటికీ నీళ్ళు రాకపోతే పొలం అమ్మేసి తనూ వెళ్ళిపోతానని కబురు పంపింది. గట్టు దాటితే పుట్టిల్లు. మా ఇంటికి ఆమె రాలేదు, ఆ గట్టు నాన్న దాటలేదు.

నేను విజయనగరం వెళ్ళిపోయాను. దీపావళి అయ్యాక మేష్టారు క్లాసులో ఒక సభ పెట్టారు. ఆరుగురం ఆరు దేశాలం, ఒకబ్బాయి బ్రిటన్. ప్రశ్నలడిగినందుకు నాకు లక్సెంబర్గ్ ఇచ్చారు. బ్రిటన్ అబ్బాయి ఎస్. కోట వైపువాడు, చక్కగా మాట్లాడాడు. పౌను బలహీనపడిందని ఫ్రాన్సు ఎగిరింది, అమెరికాకి చెంచావని దెప్పింది, చివరికి మేష్టారు ముందే చెప్పినట్టు మెత్తబడింది. అనుకూలమైనవాళ్ళు చేతులెత్తమన్నారు. అయిదు చేతులు లేచాయి. నేను చెయ్యి ఎత్తలేదు.

"లక్సెంబర్గ్!" అన్నారు మేష్టారు.

"నాకు ఇష్టం లేదండీ" అన్నాను.

"కారణం చెప్పాలి."

"చెప్పాలని ఒప్పందంలో ఉందాండీ?"

క్లాసంతా నా వైపు తిరిగింది. ఫ్రాన్సూ జర్మనీ బెంచీల మీదనుంచి వంగి బతిమాలాయి. బ్రిటన్ అబ్బాయి మొహం పాలిపోయింది, నిజంగా ఏదో పోయినట్టు. నాన్న మీద కోపంతో, ఆ పని చేస్తే ఎలా ఉంటుందో చూద్దామని చేశాను. దాపరికం ఎందుకు, బాగుంది. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చుని మిగిలింది తీసుకునేవాళ్ళకి, అందరూ ఆగి తమ చేతివైపు చూసే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు చేతిని ఎత్తెయ్యడం అంత సులువు కాదు. అర్హతలన్నీ చేరేవాడికే రాసిపెడతారు. చేర్చుకునేవాడికి ఏ అర్హతలుండాలో రోమ్‌లోనూ రాయలేదు, మా కట్ట మీదా చెప్పుకోలేదు. నాన్న మీద నా కోపం పోలేదు గానీ, ఆయన చేతులు వెనక్కెలా వెళ్ళాయో తెలిసింది.

కొద్ది రోజులకే ఫ్రాన్సు అధ్యక్షుడు పేపరువాళ్ళని పిలిచి, బ్రిటన్ ఇంకా సిద్ధంగా లేదని తేల్చేశాడు. మిగతా అయిదు దేశాలూ నొచ్చుకున్నాయి. మేష్టారు ఆ పేపరు క్లాసుకి తెచ్చి, చదవకుండా మడిచి బల్ల మీద పెట్టి, వేరే పాఠం మొదలుపెట్టారు.

మరుసటి వేసవి పూడిక తీసే మొదటి రోజు దిగువ ఊరినుంచి ఎవరూ రారనుకున్నాం. మగవాళ్ళు అవమానంతో రాలేదు, కూలివాళ్ళనీ పంపలేదు. ఎండ ఎక్కకముందే అప్ప వచ్చింది. చీర మోకాళ్ళ పైకి కచ్చ బిగించి, తట్టా పారా పట్టుకుని, పిల్లల్ని ఏనుగు రాయి నీడలో కూర్చోబెట్టి, కాలువలోకి దిగింది. మా వైపు ఆడవాళ్ళు నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు. కాలువ పూడికకి మాత్రం ఇంటికో మనిషి అంటే మగవాడనే అందరి లెక్క. పై ఊరి పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇంటికో మనిసన్నారు. మొగోడని ఎవులూ అన్నేదు" అంది అప్ప తలెత్తకుండా.

నాన్న గట్టు మీదనుంచి, "ఎండలో సచ్చిపోతావే. నీ తట్ట నానెత్తుతాను, ఎల్లు" అన్నాడు.

"నీ కూతురిగా రానేదు నాన్నా. మా ఊరి మనిసిగా వచ్చినాను. మా ఊరి తట్ట నువ్వెత్తితే మా లెక్కలోకి రాదు."

నాన్న గట్టు దిగి తన ఊరి వంతు బురద తవ్వడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా ఇద్దరూ ఒకరికొకరు కనబడేంత దూరంలోనే తవ్వారు. రెండో రోజు అప్ప తోడికోడలు వచ్చింది. తర్వాత మరో ఇద్దరు. వారం తిరిగేసరికి దిగువ ఊరి ఇంటికో ఆడది కాలువలో ఉంది. ఇంట్లో కూర్చోలేక, అప్పటికి మగవాళ్ళూ వచ్చారు. అరవైతొమ్మిది వేసవిలో ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేకపోయింది, పై ఊళ్ళకంటే ముందు వాళ్ళే దిగారు.

ఆ ఏడు తొలకరికి ముందు రెండో రాయి వచ్చింది. బండి లేదు, తప్పెటగుళ్ళు లేవు. అప్ప, తోడికోడలు కలిసి గోనెసంచిలో పెట్టి మోసుకొచ్చారు. నల్లటి గుండ్రాయి, ఇంకా తడి ఆరలేదు. మగవాళ్ళు వెనక నిలబడ్డారు. నాలుగు చేతులు పడ్డాయి. నాన్న వంతు వచ్చింది.

"ఎవులు తీసినారీ రాయి?" అన్నాడు.

"నానే. మన రేవు దగ్గర, గెడ్డలోన తీసినాను" అంది అప్ప.

నాన్న వంగి రెండు చేతులూ వేశాడు. ఒక్క చెయ్యి చాలు. చాలాసేపటి దాకా తియ్యలేదు, పై ఊరి పెద్ద దగ్గితే గానీ లేవలేదు. ఆ రాయి పాతడంతో మా ఊరికి నీళ్ళు పారే వంతులో సగం పూట తగ్గింది. నాన్న ఆ లెక్క ఎప్పుడూ ఎత్తలేదు. బావ నాట్లకి సెలవు పెట్టి వచ్చి మరి వెళ్ళలేదు. అక్కడ ఫ్రాన్సు అధ్యక్షుడు ఆ వేసవికే గద్దె దిగిపోయాడు, బ్రిటన్ చేరడానికి ఇంకా నాలుగేళ్ళు పట్టింది. అక్కడ కాదన్న మనిషి పక్కకి తప్పుకుంటే గానీ తలుపు తెరుచుకోలేదు. ఇక్కడ కాదన్న మనిషే చెయ్యి వేశాడు. ఈ తేడా మేష్టారికి చెప్పాలనుకున్నాను గానీ అప్పటికి నా చదువైపోయింది.

రాయి పాతాక అప్ప గెడ్డలో చేతులు కడుక్కుని నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది. "పొద్దెక్కిపోనాది. ఆకలేస్తన్నాదేటి? మా ఇంటికి రా" అంది. నాన్న తలూపాడు. నేనూ వెంట నడిచాను. రెండేళ్ళ తర్వాత ఆ గట్టు దాటాం.

ఇల్లు అలాగే ఉంది, వరి గాదె మాత్రం ఖాళీగా, మూత తీసి ఉంది. అందులో పిల్లలు బొమ్మలు పెట్టుకున్నారు. అప్ప కంచు గిన్నెలో చోడి అంబలి పోసి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి నాన్న ముందు ఉంచింది. పిల్లలు తమ గిన్నెలు తెచ్చుకుని అలవాటుగా పక్కన కూర్చున్నారు.

నాన్న గిన్నె వైపు చూశాడు. "ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"నువ్వు సేతులెనక్కి కట్టుకున్న కాణ్ణించీ" అంది అప్ప. కోపంగా అనలేదు, అడిగినదానికి చెప్పింది.

నాన్న గిన్నె రెండు చేతులా ఎత్తి, దించకుండా తాగాడు. తాగి, తలెత్తకుండా, ఖాళీ గిన్నె మళ్ళీ ఆమె ముందుకి చాపాడు.